కంటిలోపలి చుక్క నీటిలో: మా నీటికాసుల ప్రాజెక్టు డైరీ

జూన్ 3

ఎథిక్స్ కమిటీ అనుమతి ఈ రోజు చేతికి వచ్చింది. నాలుగు నెలలుగా దీనికోసమే చూస్తున్నాం. అందుకే డైరీ ఈ రోజు నుంచే మొదలుపెడుతున్నాను.

చేయబోయే పని ఇది. నీటికాసులకు, అంటే కంటి నరాన్ని మెల్లగా దెబ్బతీసే గ్లాకోమాకు, ఆపరేషన్ చేయించుకునే వారి కంటి ముందుగదిలోంచి చుక్క నీరు తీసుకుంటాం. నీటికాసులు లేకుండా కేవలం శుక్లాల ఆపరేషన్‌కు వచ్చిన వారి నుంచీ అంతే తీసుకుంటాం. రెండింటిలోనూ కొన్ని మైక్రో ఆర్ఎన్ఏలు, అంటే జన్యువుల పనిని తగ్గించే చిన్న ఆర్ఎన్ఏ ముక్కలు, ఎంతెంత ఉన్నాయో కొలుస్తాం. అదే మనుషుల రక్తం నుంచి డీఎన్ఏ తీసి, మిర్-182 అనే మైక్రో ఆర్ఎన్ఏను తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం తేడాను చూస్తాం. ఆర్ఎస్76481776 అని దానికి నంబరు. అక్కడ సీ ఉండాల్సిన చోట కొందరికి టీ ఉంటుంది. ఐరోపా సంతతి వారిలో ఈ తేడాకూ నీటికాసులకూ సంబంధం ఉందని 2016లో వెలువడింది. మన వారి కంటి నీటిలో ఆ అక్షరం ప్రభావం కనబడుతుందా అన్నది మా ప్రశ్న.

ఈ జబ్బు మీద పనిచేయాలన్న పట్టుదల నాకు ఇంట్లోనే పుట్టింది. అమ్మకు 58వ ఏట బయటపడింది. అప్పటికే రెండు కళ్లలోనూ పైవైపు చూపు చాలా పోయింది. వంటింట్లో పై అరలో ఉన్న చింతపండు డబ్బా కనబడక చేత్తో తడుముతూ, బల్బు మసకబారిందని రెండుసార్లు మార్పించింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, ఎదురుగా ఉన్న మనిషి స్పష్టంగానే కనిపిస్తాడు. ఈ జబ్బు ఇలాగే దోచుకుపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన కంటి జబ్బుల సర్వేలో హైదరాబాద్ నగరంలో ఈ జబ్బు ఉన్నట్టు తేలిన వారిలో ఎక్కువమందికి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు.

జూన్ 11

ఈ వారమంతా సమ్మతి పత్రం తెలుగులో రాయడంతోనే సరిపోయింది. మొదటి ప్రతిలో ‘కంటి నీరు’ అని రాశాను. వార్డు సిస్టర్ చదివి, ‘అమ్మా, వీళ్లు కన్నీళ్లు అనుకుంటారు, దూది పెట్టి తీసుకుంటారనుకుంటారు’ అంది. ఆమె మాట నిజం. ‘కంటి లోపల, నల్లగుడ్డు వెనక ఉండే నీరు’ అని మార్చాను. ఎంత తీస్తారో, తీస్తే కన్ను ఏమవుతుందో కూడా రాయాలి. ముందుగదిలో సుమారు 250 మైక్రోలీటర్ల నీరు ఉంటుంది. మేము తీసేది 80 నుంచి 100 మైక్రోలీటర్లు. కన్ను నిమిషానికి రెండు, రెండున్నర మైక్రోలీటర్లు ఊరుస్తూనే ఉంటుంది కాబట్టి తీసింది గంట లోపే నిండుతుంది. పైగా ఆపరేషన్‌లో ఆ నీరు ఎలాగూ బయటికి పోయేదే.

మైక్రో ఆర్ఎన్ఏ అంటే ఏమిటో చెప్పడమే కష్టమైంది. మా రోగుల్లో సగానికి పైగా డెల్టా పల్లెల నుంచి వచ్చినవారు. కాలువ మీద షట్టర్లు ఎత్తి దించే లస్కరు వారికి బాగా తెలిసిన మనిషి. జన్యువు నుంచి బయలుదేరే సందేశం కాలువలో నీరు లాంటిది, షట్టరు కాస్త దించి ఆ ప్రవాహాన్ని తగ్గించే లస్కరు మైక్రో ఆర్ఎన్ఏ అని చెప్పాను. ఒక పెద్దాయన వెంటనే, ‘అయితే లస్కరు రాని రోజు పొలం మునుగుతుందన్నమాట’ అన్నాడు. సరిగ్గా అదే మేము చూడాలనుకుంటున్నది. సుమారు 22 అక్షరాల పొడవుండే ఈ ముక్కలో రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం దాకా ఉన్న భాగం సందేశంతో జత కుదిరితే చాలు, ఆ సందేశం నలిగిపోతుంది, లేదా ప్రోటీన్‌గా మారకుండా ఆగిపోతుంది. ఒక్కో లస్కరు చేతిలో వందల తూములు ఉంటాయి.

జూన్ 24

ఏవి కొలవాలో తేల్చుకున్నాం. మొదట రాసుకున్న జాబితాలో 22 ఉన్నాయి. ఒక్కో రోగి నుంచి దొరికే ఆర్ఎన్ఏ అన్నింటికీ చాలదు. ప్రాజెక్టు చూసే మా మేడం ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోయి ఏడు మిగిల్చారు.

మిర్-29బి ఉండి తీరాలి. కంటి నీరు బయటికి పోయే మూల దగ్గర ట్రాబెక్యులర్ మెష్‌వర్క్ అనే జల్లెడ ఉంటుంది. దాని కణాల చుట్టూ కొల్లాజెన్ లాంటి పదార్థం మితిమీరి పేరుకుంటే నీరు పోయే దారి బిగుసుకుంటుంది, పీడనం పెరుగుతుంది. మిర్-29 కుటుంబం ఆ పదార్థం తయారీని అణచి ఉంచుతుంది. ఈ జబ్బు ఉన్న చాలామంది కంటి నీటిలో టీజీఎఫ్-బీటా2 అనే సంకేత ప్రోటీన్ ఎక్కువగా ఉంటుందని చాలాకాలంగా తెలుసు. అది పెంచాలని చూసేదాన్ని మిర్-29 తగ్గించాలని చూస్తుంది. జల్లెడ కణాలను సాగదీసి వదులుతుంటే మిర్-24 పెరుగుతుంది, ఫ్యూరిన్ అనే ప్రోటీన్‌ను తగ్గించి టీజీఎఫ్-బీటా1 మేల్కొనకుండా చూస్తుంది. అంటే గుండె కొట్టుకున్నప్పుడల్లా, రెప్ప వేసినప్పుడల్లా ఒత్తిడికి లోనయ్యే కణం తనను తాను సర్దుకునే పద్ధతుల్లో ఇదొకటి. ఈ రెంటినీ నేను ఎప్పటికీ వదులుకోను. మిర్-204 కంటి నీటిలో దండిగా దొరికేది కాబట్టి కొలత సరిగా సాగుతోందో లేదో అది చెబుతుంది. మిర్-125బి, మిర్-451ఎ ఇంతకుముందు వేరేవారు రోగుల కంటి నీటిలో తేడా చూసినవి. మిర్-182 మా ప్రశ్నలోనిదే. మిర్-23ఎ పెద్దగా మారదన్న నమ్మకంతో పోలిక కోసం పెట్టుకున్నాం.

జూలై 2

ఈ రోజు మా ప్రాజెక్టుకు చెందని ఒక పని చేశాను. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా ల్యాబ్‌లోనే పిల్లలకు పుట్టుకతో వచ్చే నీటికాసుల జన్యు పరీక్షలు కూడా చేస్తారు. ఐదు నెలల పాప రక్తం వచ్చింది, తల్లిదండ్రులూ వచ్చారు. తల్లికి సొంత మేనమామతోనే పెళ్లయింది. ‘అందరూ పాప కళ్లు ఎంత పెద్దగా, ఎంత అందంగా ఉన్నాయో అనేవారు. దిష్టి తగలకుండా రోజూ చుక్క పెట్టేదాన్ని’ అంది ఆ తల్లి. కంటిలో పీడనం పెరిగితే పసిపిల్లల కనుగుడ్డు సాగి పెద్దదవుతుంది. నల్లగుడ్డు నీలంగా, మబ్బుగా మారుతుంది. వెలుతురు చూస్తే బిడ్డ ముఖం తిప్పుకుంటుంది, నీరు కారుతూ ఉంటుంది. పెద్ద కళ్లని ముద్దుచేస్తూ గడిపిన ఆ వారాల్లోనే నరం దెబ్బతింటుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది 3,300 మంది పిల్లల్లో ఒకరికి వస్తుందని లెక్క. పశ్చిమ దేశాల్లో సుమారు 10,000 మందిలో ఒకరికి. మన దగ్గర ఇంత ఎక్కువగా ఉండటానికి మేనరికాలు ముఖ్య కారణం. సీవైపీ1బీ1 జన్యువు చెడ్డ ప్రతి తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి వస్తేనే జబ్బు. ఒకే ఇంటి రక్తంలో రెండూ కలిసే అవకాశం ఎక్కువ. మన దేశపు పిల్లల్లో తరచుగా కనిపించే మార్పు ఆర్368హెచ్, అంటే 368వ స్థానంలో ఆర్జినిన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్ ఉండటం. ఈ పాపలోనూ అదే, రెండు ప్రతుల్లోనూ ఉంది. తల్లిదండ్రులిద్దరిలో ఒక్కో ప్రతి. పాపకు ఆపరేషన్ వెంటనే చేశారు. తర్వాతి కాన్పులో ప్రతిసారీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుందని కౌన్సెలర్ నిదానంగా, మూడుసార్లు చెప్పింది.

పిల్లల జబ్బులో ఒక్క జన్యువు ఇంత గట్టిగా చెబుతుంది. పెద్దవారి జబ్బులో అలా కాదు. 1997లో దొరికిన మయోసిలిన్ జన్యువులో మార్పులుంటే ప్రోటీన్ సరిగా మడతపడక జల్లెడ కణాల్లోనే పేరుకుంటుంది. కానీ పెద్దవారి కేసుల్లో దాని వాటా 2 నుంచి 4 శాతమే. 2002లో గుర్తించిన ఆప్టిన్యూరిన్ ముఖ్యంగా పీడనం మామూలుగా ఉండగానే నరం దెబ్బతినే కుటుంబాల్లో కనిపిస్తుంది. మిగిలినవారిలో ఒక్కోటి కాస్త కాస్త నెట్టే చోట్లు జన్యువుల నిండా ఉన్నాయి. 2021లో వెలువడిన పెద్ద అధ్యయనంలో 34 వేలమందికి పైగా రోగులను చూసి అలాంటి చోట్లు 127 చూపించారు. అమ్మకు వీటిలో ఎన్ని ఉన్నాయో నేను చూడలేదు. చూసినా ఆమె చుక్కల మందు మారదు.

జూలై 15

మొదటి ట్యూబులు వచ్చాయి. సూడోఎక్స్‌ఫోలియేషన్ ఉన్నవారిని, అంటే కటకం మీద పొడిరాలినట్టు తెల్లని పదార్థం ఉన్నవారిని, వదిలేస్తున్నాం. అది వేరే దారి, దాని వెనక ఎల్ఓఎక్స్ఎల్1 అనే జన్యువు ఉంది. ఆ జన్యువు కథ ఈ రంగంలో ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాల్సింది. 2007లో ఐస్‌లాండ్, స్వీడన్ ప్రజల్లో ఏ అక్షరం ముప్పు అని తేలిందో, జపాన్ వారిలో అదే చోట రెండో అక్షరం ముప్పుగా తేలింది. ఒక జాతిలో తీసిన లెక్కను తెచ్చి మరో జాతికి అతికిస్తే ఎంత తప్పుపోతామో దీన్ని మించిన ఉదాహరణ లేదు. మిర్-182 విషయంలో మేము మన వారినే చూడాలనడానికి కారణం ఇదే.

ఆగస్టు 9

ఆర్ఎన్ఏ తీయడం మొదలైంది. ఇది ఓపిక పరీక్షించే పని. చెమట, ఉమ్మి, మన వేళ్ల మీది చర్మం, అన్నింట్లోనూ ఆర్ఎన్ఏను తినే ఎంజైములు ఉంటాయి. గ్లవ్స్‌తో ముక్కు సర్దుకున్నా మార్చాల్సిందే. నీరు కొంచెమే కాబట్టి దొరికే ఆర్ఎన్ఏ కూడా మామూలు యంత్రం కొలవలేనంత తక్కువ. ఎంత చేతికి వచ్చింది, ఎంత దారిలో పోయింది అని తెలియాలంటే బయటి నుంచి తెలిసిన మోతాదులో ఏదో ఒకటి కలపాలి. ప్రతి ట్యూబులోనూ సీ. ఎలిగాన్స్ అనే పురుగు మిర్-39ను, కృత్రిమంగా తయారుచేసినదాన్ని, ఒకే కొలతలో కలుపుతాం. మనుషుల్లో అది ఉండదు కాబట్టి చివర్లో ఎంత కనబడితే మా పనితనం అంత.

మిల్లీమీటరు పొడవుండే ఆ పురుగులోనే 1993లో మొదటి మైక్రో ఆర్ఎన్ఏ దొరికింది. దాన్ని కనుగొన్న విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ ఇచ్చారు. ఆ పురుగు ముక్కను చుక్క చుక్కగా మన వాళ్ల కంటి నీటిలో కలుపుతుంటే నాకు ప్రతిసారీ గౌరవంగా అనిపిస్తుంది.

24 ట్యూబుల్లో రెండింటిలో మిర్-39 సరిగా రాలేదు. వాటిని పక్కన పెట్టాను. మిగిలినవి 11 నీటికాసులవి, 11 శుక్లాలవి.

ఆగస్టు 21

రాత్రి పదిన్నర. పీసీఆర్ యంత్రంలో మొదటి ప్లేటు అయింది. మనం వెతికే ముక్కను అది సైకిలుకోసారి రెట్టింపు చేస్తూ పోతుంది, ఎక్కువ ఉన్నది ముందుగా కనబడుతుంది. మిర్-451ఎ నీటికాసుల ట్యూబుల్లో సగటున నాలుగు సైకిళ్లు ముందుగా వచ్చింది. పీసీఆర్‌లో ఒక్క సైకిలు ముందంటే రెట్టింపు, నాలుగంటే పదహారు రెట్లు. మిగతావేవీ అంత తేడా చూపలేదు. గ్రాఫు మీద రెండు గుంపులు విడివిడిగా నిలబడ్డాయి. ఇంతకుముందు వేరేవారు చూసిన మైక్రో ఆర్ఎన్ఏ మా చేతిలోనూ కనబడిందని చేతులు వణికాయి. మేడంకు ఫోటో పంపాను.

ఆమె దగ్గర నుంచి ఒక్క ప్రశ్న వచ్చింది: ‘మిగిలిన ట్యూబులు వెలుతురుకు పెట్టి చూశావా?’

ఆగస్టు 22

పొద్దున్నే మైనస్ 80 ఫ్రీజర్‌లోంచి మిగులు ట్యూబులు తీసి, ఐసు మీద కరిగించి, తెల్ల కాగితం ముందు ఒక్కొక్కటీ పట్టుకున్నాను. శుక్లాల ట్యూబులన్నీ నీళ్లలాగే ఉన్నాయి. నీటికాసుల 11 ట్యూబుల్లో ఐదింట్లో గులాబీ రంగు ఛాయ. విడిగా చూస్తే ఎవరూ గమనించరు, తెల్లదాని పక్కన పెడితే తెలుస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఒకదాని అడుగున ఆవగింజలో పదోవంతు ఎర్రటి చుక్క కనబడింది.

మిర్-451ఎ ఎర్ర రక్తకణాల్లో కుప్పలుగా ఉంటుంది. మిర్-23ఎ వాటి వల్ల పెద్దగా మారదు. రక్తరసం మీద పనిచేసేవారు ఈ రెండింటి మధ్య ఎన్ని సైకిళ్ల తేడా ఉందో చూసి, ఎర్రకణాలు చిట్లాయో లేదో చెబుతారు. ఐదు లోపు ఉంటే శుభ్రం, ఏడు దాటితే చిట్లినట్టే. ఆ హద్దులు రక్తరసానివి, కంటి నీటికి అలాగే అన్వయించకూడదు. కానీ మా ఐదు ట్యూబుల్లో తేడా ఎనిమిది దాటింది, శుభ్రమైన వాటిలో ఒకటి, రెండు మాత్రమే. ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు. ఆ ఐదూ తీసేసి లెక్క వేస్తే పదహారు రెట్లు కాస్తా ఒకటిన్నర రెట్లయింది, అదీ నమ్మదగ్గ తేడా కాదు. నేను చూసింది జబ్బును కాదు, రక్తాన్ని.

ఆ రెండు మైక్రో ఆర్ఎన్ఏలూ మా జాబితాలోనే ఉన్నాయి. ప్లేటు అవగానే వాటి మధ్య తేడా లెక్క వేయాల్సింది. ఇకముందు ప్రతి ప్లేటులో మొదటి లెక్క ఇదే.

ఆగస్టు 30

రక్తం ఒక గుంపులోనే ఎందుకు వచ్చింది? సమాధానం కోసం మూడు రోజులు ఆపరేషన్ గదిలో ఒక మూల నిలబడి చూశాను. శుక్లాల ఆపరేషన్‌లో నల్లగుడ్డు అంచున చిన్న కోత పెడుతూనే నీరు తీస్తారు. అక్కడ రక్తనాళాలు లేవు. నీటికాసుల ఆపరేషన్‌లో ముందు తెల్లగుడ్డు మీది పొరను కోసి వెనక్కి మడిచి, కారే రక్తాన్ని ఆపి, ఆ తర్వాత నీరు తీస్తున్నారు. సూది లోపలికి వెళ్లే దారిలోనే తడి ఎరుపు ఉంది. డాక్టర్లు మేము రాసి ఇచ్చినదాన్నే పాటించారు. ‘ఆపరేషన్ మొదట్లో’ అని రాసింది నేను. ఒక ఆపరేషన్‌లో మొదలంటే ఒక అర్థం, ఇంకోదానిలో ఇంకో అర్థం అని ఊహించలేదు.

కొత్త వాక్యం: ‘ఏ పొరనూ కోయకముందు, నల్లగుడ్డు అంచు నుంచి లోపలివైపు, 30 గేజ్ సూదితో, రెండు రకాల ఆపరేషన్లలోనూ ఒకే చోట.’ సర్జన్లు ఒప్పుకున్నారు. కమిటీకి సవరణ పంపాం. పాత ట్యూబులన్నీ, శుభ్రంగా ఉన్నవి సహా, లెక్కలోంచి తీసేశాం. ఆ నీరు ఇచ్చినవారి ముఖాలు గుర్తొచ్చి బాధేసింది. వారి రక్తం నుంచి తీసిన డీఎన్ఏ మాత్రం పనికొస్తుంది.

సెప్టెంబర్ 12

38 మంది డీఎన్ఏలో ఆ ఒక్క అక్షరం చదివాం. సీక్వెన్సింగ్ గ్రాఫులో ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు శిఖరం. సీ నీలం, టీ ఎరుపు. దాదాపు అందరిలోనూ ఆ చోట ఒంటరి నీలి శిఖరం. ముగ్గురిలో మాత్రం సగం ఎత్తు నీలం, దాని కడుపులో సగం ఎత్తు ఎరుపు, ఒకే గీత మీద. ఒక అక్షరం తల్లిది, ఒకటి తండ్రిది. ఇద్దరు నీటికాసుల వారు, ఒకరు శుక్లాల వారు. రెండు ప్రతుల్లోనూ టీ ఉన్నవారు ఒక్కరూ లేరు. ముగ్గురితో ఏమీ చెప్పలేం. టీ ఉన్నవారి కంటి నీటిలో మిర్-182 ఎక్కువా అన్న ప్రశ్నకు ఇప్పుడున్న దానికి కనీసం పదింతల మంది కావాలి. రెండో ఆసుపత్రిని కలుపుకోవాలని మేడంకు రాతపూర్వకంగా ఇచ్చాను.

సెప్టెంబర్ 20

పెద్దమామయ్య చివరికి వచ్చారు. అమ్మ జబ్బు బయటపడినప్పటి నుంచి ఆరేళ్లుగా అడుగుతున్నాను. ‘నాకు చూపు బాగానే ఉందే అమ్మాయ్, పేపరు కళ్లజోడు లేకుండా చదువుతున్నాను’ అనేవారు. రోటర్‌డామ్‌లో చేసిన అధ్యయనంలో, రోగుల తోబుట్టువులు, పిల్లల్లో ఈ జబ్బు జీవితకాలంలో వచ్చే అవకాశం 22 శాతం, రోగం లేనివారి బంధువుల్లో 2.3 శాతం అని తేలింది. ఆ లెక్క చెప్పినా ఆయన కదల్లేదు. వంటింటి బల్బు సంగతి చెప్పాను. ‘మా చెల్లెలు అలా తడుముకుందా?’ అని అడిగి, కాసేపు ఊరుకుని, మర్నాడు బస్సెక్కారు.

పీడనం కుడి కంటిలో 26, ఎడమ కంటిలో 24. మామూలుగా 21 లోపు ఉండాలి. చూపు విస్తీర్ణం పరీక్షలో ఇంకా లోపమేమీ లేదు. రాత్రికి ఒక చుక్క మందు రాశారు. సీసా చేతికిస్తే, ‘ఎంతకాలం వేయాలి?’ అన్నారు. ‘రోజూ మామయ్యా, మానకండి’ అన్నాను.

అక్టోబర్ 6

కొత్త పద్ధతిలో తీసిన 18 ట్యూబులు అయ్యాయి. తెల్ల కాగితం ముందు అన్నీ నీళ్లలా ఉన్నాయి. 451ఎ, 23ఎల మధ్య తేడా ఏ ఒక్కదానిలోనూ మూడు దాటలేదు. రెండు గుంపులనూ ఒకే ప్లేటు మీద, ఏది ఎవరిదో తెలియకుండా కలగలిపి పెట్టాం. 451ఎ తేడా మాయమైంది. మిర్-29బి గురించి ఇప్పుడేమీ రాయను, 40 ట్యూబులు అయ్యాకే గ్రాఫు తెరవాలని నిర్ణయించుకున్నాం.

ఇంకో చిక్కు మిగిలే ఉంది. నీటికాసుల వారంతా ఏళ్ల తరబడి టిమొలాల్, లేటానోప్రోస్ట్ వంటి చుక్కలు వేసుకుంటున్నారు, శుక్లాల వారికి అవి లేవు. రేపు ఏదైనా తేడా కనబడితే అది జబ్బుదా, మందుదా? ఆ మందులు జల్లెడ దగ్గరి కణాల చుట్టూ ఉన్న పదార్థాన్ని నిజంగానే మారుస్తాయి. మందు ఇంకా మొదలుపెట్టని వారికి ఆపరేషన్ అవసరం రావడం అరుదు. మరో దారి ఉంది: నీటికాసులకు చుక్కలు వేసుకుంటూ శుక్లాల ఆపరేషన్‌కు వచ్చేవారిని ఒక గుంపుగా చేర్చి, ఏ మందు, ఎన్నేళ్లుగా అన్నది ప్రతి ఒక్కరినీ అడిగి రాసుకోవడం. ఆ ప్రశ్నలు ఈ రోజే పత్రంలో చేర్చాను. సిస్టర్ చదివి, ‘మందు పేరు ఎవరికీ గుర్తుండదు, సీసా మూత రంగు అడగండి’ అంది. ఆ వరుస కూడా చేర్చాను. సోమవారం నాలుగు ఆపరేషన్లు ఉన్నాయి, ఐసు పెట్టె సిద్ధం చేసుకోవాలి.